అత్తగారి పేరున్న క్యారేజీలు

ఖమ్మం నుంచి మణుగూరు పోయే దారిలో అందరూ నన్ను కవర్ల మేడం అనేవాళ్ళు. ఖమ్మంలో ఒక చిన్న సంస్థలో పని చేసేదాన్ని. టీ కొట్లు, మిక్చర్ బండ్లు, మెస్‌లు, ఇటుక బట్టీలు నడుపుకునే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, చెత్త తగ్గించడం ఎలా, కట్టెలు తక్కువ కాల్చడం ఎలా, ప్లాస్టిక్ కవర్లు మానడం ఎలా అని మాట్లాడి, చేతనైన సాయం చేయడం నా ఉద్యోగం. చెప్పడానికి సులువే. పొద్దున్నే బోణీ కోసం చూసుకునే మనిషి ముందు నిలబడి కవర్లు మానండి అంటే ఎలా చూస్తారో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. కొత్తగూడెంలో ఒక బజ్జీల ఆయన నేను బస్సు దిగడం చూస్తే చాలు, కవర్ల కట్ట తీసి శనగపిండి డబ్బా వెనక దాచేవాడు. నేను వెళ్ళిపోయాక మళ్ళీ బయటికి తీసేవాడని నాకూ తెలుసు.

నాకు ముక్కు మీదే కోపం. ఈ ఉద్యోగానికి ఓపిక కావాలని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో. బోనకల్ దగ్గరి మా ఊళ్ళో పొలం పనుల మధ్య పెరిగిన దాన్ని, ఒకసారి చెబితే పని అయిపోవాలి నాకు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో మాత్రం చెప్పిందే చెప్పుకుంటూ ఖమ్మం నుంచి మణుగూరు దాకా బస్సుల్లో తిరిగాను. కొత్తగూడెం దాటాక రెండు పక్కలా అడవి మొదలవుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే నా కోపం సగం ఆ అడవిలోనే దిగిపోయేది.

మణుగూరు వైపు, గనుల కాలనీని ఆనుకుని ఉన్న చిన్న బజారులో ఒక మెస్ ఉండేది. దాన్ని నడిపే ఆమెను గని వాళ్ళందరూ వదిన అనేవాళ్ళు, నేను అక్కా అనేదాన్ని. ఆమె భర్త ఒకప్పుడు ఫిట్టర్. దమ్ము జబ్బుతో ఊపిరాడక పని మానేశాక, గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాడు. కోస్తూ కోస్తూ దగ్గేవాడు. ఆ ఇద్దరికీ ఆ మెస్ తప్ప వేరే ఆధారం లేదు. అది నడిచే గది పంచాయతీది, కిరాయికి తీసుకున్నది.

గదికి వెనక మోరీ ఉంది, అంటే మురుగు కాలువ. గొడవంతా దానితోనే. కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి వచ్చి, ఇల్లాలినీ పిల్లల్నీ ఊళ్ళో వదిలి, వెనక సందులోని గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే గని పనివాళ్ళే మెస్‌కు గిరాకీ. తెల్లవారకముందే మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళకు అన్నం ఒక కవర్లో, కూర ఒక కవర్లో, చారు ఒక కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేది అక్క. రాత్రి గదుల్లో తినేవాళ్ళకూ అంతే. తిన్నాక ఆ కవర్లన్నీ కిటికీలోంచి మోరీలోకి పోయేవి. ముందటి వానాకాలం మోరీ పొంగి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. పక్కింటి ముసలమ్మ బియ్యం బస్తా తడిసి ముద్దయింది. పైకి తీసిన చెత్తలో అన్నీ ఎర్ర రబ్బరు బ్యాండ్ల కవర్లే. సందంతా వచ్చి అక్క మీద పడింది. పంచాయతీ ఆఫీసు నుంచి ఒక సారు వచ్చి, మళ్ళీ వానకు మోరీ పొంగితే గది ఖాళీ చేయాల్సిందేనని అందరి ముందూ చెప్పి వెళ్ళాడు.

నేను మొదటిసారి వెళ్ళింది ఆ తర్వాతి ఎండాకాలంలో. నా ఉపన్యాసం మొత్తం విన్నదామె. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"మేడం, కవర్ల మీద నాకేం పావురమో ప్రేమనో లేదు" అంది చివరికి. "కవరుంటె గది పోతది. కవరు లేకపోతె గిరాకీ పోతది. ఏం జెయ్యాల్నో అది చెప్పున్రి."

సరిగ్గా అలాంటి ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. మా సంస్థతో మాట్లాడి స్టీలు క్యారేజీలు కొనిపించాను. మెస్‌వి అవి. ఎవరికి కావాలంటే వాళ్ళకు నింపి ఇవ్వడం, ఖాళీది తిరిగి తీసుకుని కడగడం, మర్నాడు ఇంకెవరికో నింపడం. బస్సు పైన మూట కట్టించి నేనే దగ్గరుండి తెచ్చాను. వరసగా బల్ల మీద పేర్చితే మెస్ కొత్త పెళ్ళివారిల్లులా మెరిసింది.

ఒక్కరు కూడా ముట్టుకోలేదు.

నలుగురిని అడిగితే నలుగురూ నీళ్ళు నమిలారు. ఆ పనివాళ్ళలో పెద్దవాడు ఒకాయన ఉండేవాడు, తలకు తువ్వాలు చుట్టుకుని, అందరికీ పెద్దన్నలా. ఆయనే నోరు విప్పాడు.

"ఎవరు తిన్నదాంట్ల ఎవరో తినుడేంది మేడం, ఎంగిలి."

"ఇక్కడ ప్లేట్లలో తినడం లేదా? అవీ ఎవరో తిన్నవే కదా" అన్నాను. గొంతు పెరుగుతోందని నాకే తెలుస్తోంది.

"ప్లేటు వేరు, క్యారేజీ వేరు. ప్లేటు మెస్‌ది. క్యారేజీ మనిషిది."

"గనిలో ఒకరి కూర ఒకరు లాక్కుని తింటారట కదా, మరి అదేమిటి?"

"అది పంచుకునుడు" అన్నాడాయన, నా కోపాన్ని అసలు పట్టించుకోకుండా. "ఇది ఎంగిలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు తిరుగు బస్సులో అడవి వైపు కూడా చూడలేదు. ఈ మనుషులు మారరు, నా చదువు దండగ, ఉద్యోగం దండగ అనుకుంటూ ఖమ్మం దాకా వచ్చాను. వారం పోయాక మళ్ళీ వెళ్ళేసరికి అక్క ఆ కొత్త క్యారేజీల్లో చింతపండు, ఎండు మిరపకాయలు, కందిపప్పు పోసి పెట్టుకుంది. నన్ను చూసి కొంచెం సిగ్గుపడింది గాని, అప్పటికే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

"మనిషిది అన్నరు గదా. ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటె ఏమైతది? అందరి ఇండ్లల్ల అటకల మీద ఉండనే ఉంటయి."

ఉంటాయి మరి. మన ఇళ్ళలో స్టీలు సామానుకు ఏం తక్కువ. పెళ్ళికి పెట్టినవి, గృహప్రవేశానికి వచ్చినవి, పిల్లకు ఓణీలు వేసినప్పుడు ఇచ్చినవి, పాత చీరల్లో చుట్టి అటకెక్కించినవి ఎన్నో. వాడితే పాడవుతాయని వాడరు, ఇస్తే బాధని ఇవ్వరు. పొద్దున తీసుకుపోయి, సాయంత్రం ఖాళీది మెస్‌లో ఇస్తే, అక్క కడిగి, మర్నాటికి అదే మనిషికి అదే క్యారేజీ నింపి ఇస్తుంది. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఇందులో ఎంగిలేం లేదని తేల్చాడు. ఆయన తేల్చాక మిగతావాళ్ళు తల ఊపారు.

ఇంటి దగ్గర ఇల్లాళ్ళు అంత సులువుగా ఒప్పుకోలేదట. మా అమ్మ పెట్టిన సామాను గనిలో పోగొట్టుకొస్తావా అని ఒకామె క్యారేజీ మూత ఇంట్లోనే దాచి డబ్బాలు మాత్రం పంపింది. అయినా సెలవుకు ఊరెళ్ళి వచ్చిన ప్రతి మనిషి సంచిలోంచీ ఒక క్యారేజీ దిగడం మొదలైంది. పోకుండా చూసే బాధ్యత అక్క భర్త తీసుకున్నాడు. గోడకు చెక్క అల్మరా కొట్టాడు. తెల్లవారుజామున నింపిన క్యారేజీలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ ఎత్తి దాని మీదున్న పేరు చదివి పిలిచేవాడు.

అసలు తమాషా అక్కడే మొదలైంది. మన గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేది ఎవరు? వాడుకునేవాడు కాదు, ఇచ్చినవాళ్ళు. ఆ అల్మరాలో ఉన్న పేర్లలో ఒక్కటి కూడా గని పనివాడిది కాదు. ఒకదాని మీద మేనమామ, ఒకదాని మీద బావమరిది, ఎక్కువ వాటి మీద అత్తగార్లు. ఇంత మీసాలున్న మనిషి, గనిలో పేలుడు మందు పట్టుకు తిరిగే మనిషి, అత్త పేరు పిలవగానే "అవ్, ఇక్కడ" అని చెయ్యెత్తేవాడు. మొదట్లో పగలబడి నవ్వుకునేవాళ్ళు. తర్వాత అలవాటైపోయింది. గనిలో కూడా ఒకరినొకరు అత్తల పేర్లతో పిలుచుకుంటున్నారని తెలిసి అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

పేరు లేనిది ఒక్కటే ఉండేది. అడవిలోని కోయ పల్లె నుంచి రోజూ సైకిల్ మీద కూలి పనికి వచ్చే ఒకాయన చారుకు ఎండిన సొరకాయ బుర్ర, అన్నానికి అడ్డాకులు తెచ్చేవాడు. వాళ్ళ ఇళ్ళలో జావ పోసుకుని చేలకు పోయే బుర్ర అది. మొదటి రోజు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వినవాడి వైపు చూసి తనూ నవ్వాడు. దాన్ని ఎవరూ పొరపాటున ఎత్తుకుపోయే ప్రమాదం లేదు గనక, అల్మరాలో అన్నిటికంటే భద్రంగా ఉన్న సామాను అదే.

అంతా గాడిన పడిందనుకున్నాక చేపల పులుసు వచ్చి కొంప ముంచింది.

మొదటి షిఫ్టులో ఇద్దరు తోడల్లుళ్ళు ఉండేవాళ్ళు, అక్కచెల్లెళ్ళను చేసుకున్నవాళ్ళు. ఇద్దరికీ పిల్లనిచ్చిన అత్త ఒకతే. ఆ తల్లి కూతుళ్ళ మధ్య తేడా చూపడం ఇష్టం లేక, ఒకే కొట్లో ఒకే రకం క్యారేజీలు రెండు కొని, రెండిటి మీదా తన పేరే కొట్టించింది. పెద్దల్లుడు శనివారం నీసు ముట్టడు. ఒక శనివారం అక్క చేపల పులుసు పెట్టింది, గోదావరి చేప, వాసన సందు చివరిదాకా వచ్చే పులుసు. అత్త పేరు పిలవగానే ముందున్నవాడు అందుకుని వెళ్ళాడు. వెనకున్నవాడు రెండోది తీసుకున్నాడు. గనిలోకి దిగాక ఇద్దరి పనిచోట్లూ వేరు, పెద్దల్లుడు మూత తీస్తే చేప ముక్క పైకి చూస్తోంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. షిఫ్టు దిగి వచ్చిన మనిషి ముఖానికున్న బొగ్గు కూడా కడుక్కోలేదు. పొద్దుటి నుంచి పస్తు. క్యారేజీ బల్ల మీద ఠప్పున పెట్టాడు.

"రేపటి సంది నాకు కవర్లనే కట్టు వదినా. లేదంటె ఇంకో మెస్ చూస్కుంట."

"నేను మాత్రం ఏం సుఖపడ్డ?" అన్నాడు చిన్నల్లుడు వెనక నుంచి. "పక్కోళ్ళ చేపల వాసన జూసుకుంట సొరకాయ పప్పు తిన్న."

ఎవరూ నవ్వలేదు. ఈ క్యారేజీల బాధ ఎందుకు, అంతకుముందే నయం అని ఒకరన్నారు. ఇంకొకరు తల ఊపారు. అప్పటికే సాయంత్రాలు గోదావరి వైపు మబ్బులు కడుతున్నాయి. వాళ్ళంతా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాక అక్క నా పక్కన బెంచీ మీద కూలబడింది.

"నాకు భయమైతంది చెల్లె" అంది. మేడం పోయి చెల్లె అయ్యానని అప్పుడు గమనించలేదు, బస్సెక్కాక గుర్తొచ్చింది. "మల్ల కవర్లు మొదలువెడితె ఈ వానకే గది పోతది. ఆయన్ని దీస్కోని ఏడికి పోవాలె."

క్యారేజీకి రంగు వేద్దామా, దారం కడదామా అని ఏవేవో అంటున్నాను. రంగు పొయ్యి సెగకు పోతుంది, దారం కడిగితే ఊడుతుంది. ఇంతలో అక్క భర్త స్టూలు మీద నుంచి లేచి, లోపలికి వెళ్ళి, తన పాత పనిముట్ల సంచి తెచ్చాడు. అందులోంచి చిన్న సుత్తి, ఒక మేకు తీశాడు. ఆ రెండు క్యారేజీలూ ఒళ్ళో పెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడు ఆగుతూ, ఒక్కొక్క చుక్కే కొట్టడం మొదలుపెట్టాడు. అల్లుళ్ళిద్దరూ తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

"అత్త ఇచ్చిన సామాను మీద ఏం రాస్తున్నవన్నా, ఆమెకు తెలిస్తె బాగుండదు" అన్నాడు చిన్నవాడు.

"ఆమె ఎవరికిచ్చిందో అదే రాస్తున్న" అన్నాడాయన తలెత్తకుండా.

ఒకదాని మీద అత్త పేరు కింద "పెద్దల్లుడు", రెండోదాని మీద "చిన్నల్లుడు". అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి గాని స్పష్టంగా ఉన్నాయి. పెద్దల్లుడు క్యారేజీ చేతిలోకి తీసుకుని చదివాడు. వేలితో చుక్కలు తడిమి చూశాడు. మీసాల కింద నవ్వు దాచుకోవడానికి చాలా ప్రయత్నించాడు, కుదరలేదు. ఆకలైతంది, ముందు బువ్వ పెట్టమన్నాడు. అక్క చటుక్కున లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ తర్వాత అందరూ తమ క్యారేజీల మీద కూడా ఏదో ఒకటి కొట్టించుకున్నారు. దమ్ముతో మూల కూర్చున్న మనిషికి మధ్యాహ్నాలు పనే పని. ఎప్పుడు వెళ్ళినా ఆ టక్ టక్ చప్పుడు వినిపించేది. దగ్గు తగ్గిందని చెప్పను గాని, మనిషి మాట్లాడటం మాత్రం ఎక్కువైంది.

వాన ఒక రాత్రంతా కొట్టి, తెల్లారినా తగ్గలేదు. నేను ముందు రోజే మణుగూరు వచ్చి తెలిసినవాళ్ళింట్లో ఉన్నాను. నిద్ర పట్టలేదు. వెలుగు రాగానే గొడుగు వేసుకుని మెస్‌కు వెళ్ళేసరికి సందులో వాళ్ళంతా మోరీ పక్కన నిలబడి ఉన్నారు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. పారుతున్నాయి గాని, పక్కింటి ముసలమ్మ గుమ్మం ముందు ఎక్కడో తట్టుకుని సుడి తిరుగుతున్నాయి. అక్క ముఖం తెల్లబోయింది. పెద్దాయన కర్ర దింపి కెలికాడు. పైకి వచ్చినవి పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, ఒక చిరిగిన చెప్పు. ఎర్ర రబ్బరు బ్యాండు ఒక్కటి కూడా లేదు. ముసలమ్మ వంగి ఆ పాల ప్యాకెట్లు గబగబా ఏరి, ఎవరూ చూడకుండా కొంగులో వేసుకుంది. అక్క చూసింది. నేనూ చూశాను. ఏమన్నా అంటుందేమో, ఏడాది మాటలన్నీ తిరిగి ఇచ్చేస్తుందేమో అనుకున్నాను. నేనైతే తప్పకుండా అనేదాన్ని.

"తడుస్తున్నవ్ పెద్దమ్మా, లోపలికి రా, చాయ తాగుదువు" అంది అక్క.

ఆ అడ్డు తీశాక నీళ్ళు సర్రున లాగేశాయి.

అప్పుడు వచ్చాడు పంచాయతీ సారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని. పలకరింపు లేదు. నేరుగా వెనక్కి వెళ్ళి మోరీ వైపు చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పెట్టమన్నాడు. గది మాట ఎత్తలేదు. అక్క వడ్డించింది. ఆయన ప్రతి ముద్దా సాంబారులో ముంచుకుని తాపీగా తింటుంటే, భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కున్నాడు.

"ఇంటికి ఇంకో ప్లేటు పార్సిల్ కట్టమ్మా" అన్నాడు.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. మెస్‌లో ఒక్క కవరు లేదు. నా సంచిలో ఉంది. తడవకుండా చీర చుట్టుకుని తెచ్చుకున్న కవరు. నిజం చెబుతున్నాను, కవర్ల మేడం అని ఊరూరా పేరు తెచ్చుకున్న నేను ఆ క్షణాన ఆ కవరు తీసి ఇచ్చేద్దామనుకున్నాను. వాళ్ళ గది ఆ మనిషి చేతిలో ఉంది. నా చెయ్యి సంచిలోకి పోయింది కూడా.

"కవర్లు లేవు సార్" అంది అక్క. గొంతు సన్నగా ఉంది గాని వణకలేదు. "గిన్నె తెచ్చుకోన్రి."

ఆయన అక్కను చూశాడు, వెనక గోడకున్న అల్మరా చూశాడు, తలుపులోంచి కనబడుతున్న మోరీ వైపు చూశాడు.

"ఎన్ని గిన్నెలు దేవాలె? ఇడ్లీకి ఒకటి, చట్నీకి ఒకటా?"

"సాంబారుకు ఇంకోటి సార్."

ఆయన గొడుగు విప్పుకుని గడప దాటాడు. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "గది ఖాళీ చేసుడు మాట ఇంక లేదు తియ్యమ్మా. ఆఫీసుల నేను చెప్త" అని, వానలో ఇంటివైపు నడిచాడు, గిన్నెల కోసం.

అక్క నా చెయ్యి పట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు. భర్త ఏదో అనబోయి దగ్గులో పడిపోయాడు. ఆమె లేచి ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి, సారు తిరిగొచ్చేసరికి చల్లారిపోకుండా ఇడ్లీల మీద మూత పెట్టింది.